డివైడర్ గీత గీసేముందు మా రోడ్డు మీద ఒక్క రోజు నడవండి

జిల్లా రోడ్డు భద్రతా కమిటీ అధ్యక్షులు, కలెక్టర్ గారికి;
రోడ్లు భవనాల శాఖ ఇంజనీర్లకు, మున్సిపల్ కమిషనర్ గారికి, పోలీసు అధికారులకు

నమస్కారం.

పదిహేను రోజుల కింద మా చౌరస్తాలో ఇద్దరు కుర్రవాళ్లు టేపు పట్టుకుని కొలతలు తీశారు. మూడో మనిషి ఎర్రరంగు డబ్బాతో గోడల మీద, మెట్ల మీద అంకెలు వేసుకుంటూ పోయాడు. నా మెడికల్ షాపు మెట్టు మీద కూడా ఒక గీత, ఒక బాణం గుర్తు పడ్డాయి. "ఏంది తమ్ముడూ ఇది?" అని అడిగితే, "రోడ్డు వెడల్పు అన్నా. నాలుగు లైన్లు, నడుమ డివైడర్, బటర్‌ఫ్లై లైట్లు" అన్నాడు. ప్లాన్ ఎక్కడ చూడొచ్చంటే, "మాకు తెల్వదన్నా, సార్లకు తెలుసు" అన్నాడు. మున్సిపాలిటీకి పోతే రోడ్డు తమది కాదన్నారు. రోడ్డు ఎవరిదో వాళ్ల దగ్గరికి పోతే ఎస్టిమేటు పైకి పోయింది, మంజూరయ్యాక తెలుస్తుందన్నారు.

మంజూరయ్యాక తెలిస్తే మాకు మిగిలేది చూడడమే. మార్చడానికి ఏమీ ఉండదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మెట్టు పోతుందన్న బాధతో రాయడం లేదు. నా మెట్టు మోరీ దాటి మూడడుగులు రోడ్డు వైపు వచ్చి ఉంది. అది తప్పే. తీయమంటే రేపే తీస్తాను. రోడ్డు వెడల్పు వద్దని కూడా నేను అనడం లేదు. నేను అడిగేది ఒక్కటే. ఆ ప్లాన్ గీసేటప్పుడు, ఆ రోడ్డు మీద రోజూ నడిచేవాళ్లను కూడా కూర్చోబెట్టండి.

పంతొమ్మిదేళ్లుగా ఈ చౌరస్తాలో షాపు నడుపుతున్నాను. పొద్దున ఏడింటికి తెరిస్తే రాత్రి పదకొండుకు మూస్తాను. ప్రమాదం జరిగితే 108 వచ్చేలోపు జనం ముందు నా షాపుకే మోసుకొస్తారు. మోకాలు చీరుకుపోయిన పిల్లలు, అరచేతుల్లో కంకర గుచ్చుకున్న ఆడవాళ్లు, బండి సైలెన్సర్‌కు పిక్క కాలిన ముసలాయన. దూదితో తుడిచి, కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ వేయించుకోమని ఆస్పత్రికి పంపిస్తాను. మొదట్లో ఒకసారి ఒక అబ్బాయిని ఆటో ఎక్కించడానికి పది మందిని బతిమాలాను. పోలీసు కేసులో సాక్షిగా ఇరుక్కుంటామని ఎవరూ ముందుకు రాలేదు. 2016లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో సాయం చేసినవాళ్లకు రక్షణగా సెక్షన్ 134ఏ చేరింది. అయినా ఇప్పటికీ జనంలో ఆ భయం పోలేదు. ఆ అబ్బాయి బతికాడు. ఆ రాత్రి నుంచి నేను ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఏ రోజు, ఎన్నింటికి, ఏ చోట, ఏ బండి, ఎలా పడ్డారు, చెప్పగలిగితే ఎందుకు పడ్డారు. ఇప్పుడు రెండో పుస్తకం నిండుతోంది.

అందులో ఉన్నవాటిలో చాలా వాటికి పోలీసు స్టేషన్‌లో కాగితం ఉండదు. ఇద్దరూ మన ఊరోళ్లేనని అక్కడికక్కడే రాజీ పడతారు. లేదంటే పడ్డవాళ్లు తమదే తప్పనుకుని దుమ్ము దులుపుకుని పోతారు. ఇక్కడే నాకు మీ లెక్కకూ మా లెక్కకూ తేడా కనబడుతుంది. జాతీయ రహదారుల మీద ఒక చోటును బ్లాక్ స్పాట్ అనాలంటే కేంద్రం పెట్టిన కొలత ఇది: ఐదు వందల మీటర్ల నిడివిలో, మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో, చావు గానీ తీవ్రమైన గాయం గానీ ఉన్న ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి. అంటే ఒక చోటు ప్రమాదకరమని కాగితం మీదికి ఎక్కడానికి మనుషులు ముందు రక్తం ఓడాలి. మా ఊళ్లో బడికి పోయే పిల్లను అడిగితే అంతకు ముందే చెబుతుంది, ఏ మలుపు దగ్గర తను సైకిల్ దిగి నడుస్తుందో.

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. ప్రతి వందలో దాదాపు 68 మంది గ్రామీణ ప్రాంతాల రోడ్ల మీదే పోయారు. చనిపోయినవాళ్లలో వందకు 44 మందికి పైగా బైకుల మీద ఉన్నవాళ్లు, ఇంకో 19 మందికి పైగా నడిచి పోతున్నవాళ్లు. మా రోడ్డు మీద ఉండేదీ వీళ్లే. కారులో పోయేవాళ్లకు మా ఊరు రెండు నిమిషాల దారి. మాకు అదే అంగడి, బస్టాండు, బడి, బతుకమ్మ వేసే చెరువుకు దారి.

నాలుగేళ్ల కింద పెట్రోలు బంకు నుంచి తహసీల్దారు ఆఫీసు దాకా అరకిలోమీటరు డివైడర్ కట్టారు. అప్పుడూ ఎవరినీ అడగలేదు. కట్టిన నెల రోజులకు ఒక పొద్దున చూస్తే, ఎవరో రాత్రికి రాత్రి గడ్డపారతో రెండు రాళ్లు పెకిలించి సందు చేశారు. మళ్లీ సిమెంటు వేశారు. మళ్లీ పగిలింది. మూడుసార్లు ఇలా జరిగింది. ఊరి జనానికి క్రమశిక్షణ లేదని చాలామంది తిట్టారు, నేనూ తిట్టాను. తర్వాత ఒక రోజు షాపు మూసి, ఆ సందు దగ్గర నిలబడి చూశాను. అటు పక్క కాలనీ, ఇటు పక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దాని వెనక రేషన్ దుకాణం. ఆ కాలనీ వాళ్లు నలభై ఏళ్లుగా అక్కడే రోడ్డు దాటుతున్నారు. డివైడర్‌లో ఇచ్చిన దారి అక్కడికి మూడు వందల మీటర్ల దూరంలో, బంకు ముందర ఉంది. లారీలు తిరగడానికి బాగుంటుందని అక్కడ ఇచ్చారట. తల మీద బియ్యం సంచి పెట్టుకున్న మనిషి మూడు వందల మీటర్లు పోయి, మళ్లీ మూడు వందల మీటర్లు వెనక్కి రావాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఒక్కసారి మీరూ ఆ దూరం నడిచి చూడండి.

ఆ పగిలిన రాళ్లే మా ఊరి అర్జీ. ఎవరూ కాగితం మీద రాయలేదు, ఎవరూ ముద్ర వేయలేదు, ఎవరూ చదవలేదు. ఒక సాయంత్రం ఆ సందులోంచి దాటుతూ అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసే ఒకమ్మ బైకు కింద పడింది. డివైడర్ ఉన్న చోట మనిషి వస్తుందని ఆ బైకు పిల్లగాడు అనుకోలేదు. అందులో అతని తప్పు ఎంతో నేను చెప్పలేను. ఆమె కాలికి రాడ్ వేశారు. ఇప్పటికీ పిల్లల కోడిగుడ్ల ట్రే మోస్తూ కుంటుతూనే నడుస్తుంది. కట్టేముందు కాలనీలో ఒక్క గంట కూర్చుని అడిగి ఉంటే, ఆ దారి ఎక్కడ ఇవ్వాలో పదేళ్ల పిల్లవాడు కూడా చూపించేవాడు.

మా తప్పులు దాచి ఉత్తరం రాయను. మేం అడిగిందల్లా చేయమని కూడా నేను అనడం లేదు, ఎందుకంటే మేం అడిగినవన్నీ మంచివి కావు. చెరువు కట్ట మలుపులో ఒక కుర్రవాడు చనిపోయినప్పుడు మేమంతా రోడ్డు మీద బైఠాయించాం. స్పీడ్ బ్రేకర్ వేస్తే తప్ప లేవమన్నాం. ఆ రాత్రే కాంక్రీటు పోసి ఎత్తుగా ఒక గడ్డ వేశారు. రంగు లేదు, ముందు బోర్డు లేదు, పైన లైటు లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు మూడు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు ఉండాలని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. అంత వెడల్పు ఉంటేనే బండి ఎగిరిపడకుండా నెమ్మదిగా ఎక్కి దిగుతుంది. మేం వేయించుకున్నది ఒక గోడ. రెండు నెలల్లో భర్త బండి వెనక కూర్చున్న ఒకావిడ దాని మీద ఎగిరిపడి నా షాపుకు వచ్చింది. తల వెనక దెబ్బ. నోటుపుస్తకంలో ఆ తేదీ పక్కన "మేం అడిగిందే" అని రాసుకున్నాను. మా ఊరికి ఇంజనీరు కావాలి. ఇంజనీరుకు మా ఊరు కావాలి. ఒకరు లేకుండా ఇంకొకరు చేసిన పనులు రెండూ ఇక్కడ చూశాం.

వడ్ల సంగతి కూడా అంతే. వానాకాలం పంట చేతికి వచ్చినప్పుడు, యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు వడ్లతో నిండిపోతుంది. రాత్రిళ్లు నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా అంచుల్లో బండరాళ్లు పెడతారు. బైకు మీద వచ్చేవాడికి రోడ్డూ నలుపే, టార్పాలినూ నలుపే. పోలీసులు వచ్చి కేసులు పెడతామంటారు, రైతులు దండం పెడతారు, మర్నాడు మళ్లీ వడ్లు అక్కడే ఉంటాయి. పచ్చి వడ్లు తేమ తగ్గకపోతే కొనుగోలు కేంద్రంలో తూకం వేయరు. మరి ఆరబోసుకోవడానికి మార్కెట్ యార్డులో జాగా చాలదు. ఇది రోడ్డు భద్రత సమస్యా, వ్యవసాయ సమస్యా? రెండు శాఖలూ ఒక్కరోజు రైతులతో కలిసి కూర్చుంటే తెలుస్తుంది. ఉపాధి హామీ కింద కట్టిన సిమెంటు కల్లాలు ఉన్న పల్లెల్లో రోడ్డు మీద వడ్లు తక్కువ కనబడతాయి, మీరే చూసి ఉంటారు. మా ఊరి రోడ్డు విస్తరణ ఎస్టిమేటులో బటర్‌ఫ్లై లైట్లకు డబ్బు ఉన్నప్పుడు, రోడ్డు పక్క నాలుగు కల్లాలకు కూడా ఎందుకు ఉండకూడదు?

బస్టాండు విషయం రోడ్డు డ్రాయింగులో ఉండకపోవచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అప్పటి నుంచి మా స్టాపులో నిలబడే జనం పెరిగారు. బస్సు షెల్టర్ ఒక పక్కే ఉంది. పొద్దున కాలేజీకి, కూలికి పోయేటప్పుడు అక్కడ ఎక్కుతారు. సాయంత్రం తిరిగి వచ్చి దిగేది అవతలి పక్క, మిర్చి బండ్లకూ ఆటోలకూ మధ్య, రోడ్డు నడుమ. కొత్త ప్లాన్‌లో నాలుగు లైన్లు వస్తే వాళ్లు దాటాల్సిన దూరం రెట్టింపవుతుంది. దాటే దారి ఎక్కడ? అక్కడ రోడ్డును కొంచెం ఎత్తు చేసి బండ్లు నెమ్మదించేలా చేస్తారా? నడుమ ఆగడానికి ఇద్దరు మనుషులు, చంకలో ఒక పిల్ల నిలబడేంత జాగా ఉంటుందా? ఇవి నేను అడగడం కన్నా రోజూ సాయంత్రం ఆరున్నరకు దిగే ఆడవాళ్లు అడిగితే బాగుంటుంది. వాళ్లను ఎవరైనా పిలిస్తే కదా.

వేగం గురించి ఒక్క మాట. బండి వేగం ముప్ఫై నుంచి అరవైకి పెరిగితే దెబ్బ రెట్టింపు కాదు, తాకిడి శక్తి నాలుగు రెట్లవుతుంది. బ్రేకు పట్టాక ఆగడానికి కావలసిన దూరమూ దాదాపు నాలుగు రెట్లే. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాల మంత్రులు కూర్చుని, మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని ప్రకటన చేశారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 112 కింద ఒక ప్రాంతంలో తక్కువ వేగం నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఉంది. బోర్డు పెడితేనే సరిపోదని నాకూ తెలుసు. రోడ్డు రన్‌వేలా ఉంటే బోర్డు ఎవరూ చూడరు. రోడ్డే నెమ్మదిగా పోవాలనిపించేలా ఉండాలి. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో, మోడల్ స్కూలు గేటు నుంచా, చెరువు కట్ట నుంచా, మేం చెప్పగలం.

అడగకుండా కట్టిన రోడ్డు ఏం చేస్తుందో మన తెలంగాణలోనే చూశాం. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన పెద్దకుంట తండా ఉంది. బైపాస్ తండా పక్క నుంచి పోయింది, పంచాయతీ పనులకు రోడ్డు దాటాలి. దాటుతూ దాటుతూ తండాలో మగవాళ్లు ఒక్కొక్కరే చనిపోయారు. దేశం నలుమూలల పత్రికలవాళ్లు వచ్చి దాన్ని వితంతువుల ఊరని రాసిపోయారు. గీత గీసినరోజు ఆ తండా వాళ్లను "మీరు పింఛనుకు ఎటు పోతారు?" అని అడిగితే, ఆ ఒక్క ప్రశ్నతో ప్లాన్‌లో ఏం మారేదో నేను ఎన్నోసార్లు ఆలోచించాను.

చేవెళ్ల రోడ్డు ఇంకో రకం బాధ. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ రోడ్డు వెడల్పు పని ఏళ్ల తరబడి ఆగింది. ముసలి మర్రిచెట్లు కొట్టొద్దని కొందరు, రోడ్డు కావాలని ఊళ్లు, కేసు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. చివరికి చాలా చెట్లను ఉంచి రోడ్డు వేసేలా ప్లాన్ మార్చుకున్నారు. చెట్లూ ఉండి రోడ్డూ వచ్చే దారి ఒకటి ఉన్నప్పుడు, దాన్ని మొదటి ఏడాదే అందరూ కూర్చుని వెతుక్కుని ఉండాల్సింది. జనాన్ని అడిగితే పని ఆలస్యమవుతుందని మీ ఆఫీసుల్లో అంటారు. అడగకపోవడం వల్ల అయ్యే ఆలస్యాన్ని ఎవరూ లెక్కవేయరు.

ఇందుకోసం కొత్త చట్టం, కొత్త కమిటీ అక్కర్లేదు. రాజ్యాంగం 243ఎస్ అధికరణ మూడు లక్షల జనాభా దాటిన పట్టణాలకే వార్డు కమిటీలు తప్పనిసరి చేసింది. మా లాంటి చిన్న ఊరు ఆ లెక్కలో లేదు. కానీ మన తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టం ఇంకా ముందుకు పోయింది. ప్రతి వార్డులో యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు ఒక్కో కమిటీ, ఒక్కోదాంట్లో 15 మంది అని రాశారు. 2020 ఫిబ్రవరిలో పట్టణాలను బాగుచేసే పట్టణ ప్రగతి కార్యక్రమం మొదలైనప్పుడు ఈ కమిటీలే అధికారులతో కలిసి వార్డుల్లో పాదయాత్ర చేశాయి. చెత్త కుప్పలు, పాత కరెంటు స్తంభాలు చూపించాయి. అదే పని రోడ్డుకు చేద్దాం. ఇటు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 215 కింద ఏర్పడిన జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి, కలెక్టర్ గారూ, మీరే అధ్యక్షులు. ఆ రెంటినీ ఒక గదిలో, కుదిరితే ఒక రోడ్డు మీద కలపడం మీ చేతిలో పని.

ఎలా అంటే, నాకు తోచింది చెబుతాను. ప్లాన్‌ను పాత బస్టాండు గోడ మీద పెద్దగా, తెలుగులో అంటించండి. కానీ మాలో చాలామందికి డ్రాయింగు చదవడం రాదు. కాబట్టి డివైడర్ ఎక్కడ వస్తుందో, సందులు ఎక్కడ ఇస్తారో రోడ్డు మీదే సున్నంతో గీయండి. రోజూ వాకిట్లో ముగ్గు వేసే మా ఆడవాళ్లకు గీత చూసి రూపం ఊహించుకోవడం పుట్టినప్పటి నుంచి వచ్చిన విద్య. ఆ గీత వెంట ఇసుక సంచులు పెట్టి పది రోజులు ఉంచండి. ఎక్కడ బండ్లు రాంగ్ రూట్‌లో వస్తున్నాయో, ఎక్కడ జనం సంచుల మీంచి దూకుతున్నారో చూడండి. దూకిన చోట సందు కావాలని అర్థం. ఇసుక సంచి జరపడానికి ఖర్చు లేదు, కాంక్రీటు పగలగొట్టడానికే ఉంది.

నడవడం ఒక్కసారి సరిపోదు. పొద్దున ఎనిమిదిన్నరకు బడి పిల్లలతో, అంగడి రోజు మధ్యాహ్నం కూరగాయలమ్మేవాళ్లతో, రాత్రి కరెంటు పోయినప్పుడు చెరువు కట్ట మీద ఆటోవాళ్లతో. పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లుకు పోయే ట్రాక్టర్ల వెనక రేడియం స్టిక్కరు ఉందో లేదో చూడాలంటే రాత్రే రావాలి. మా వీధిలో చూపు లేని ఒకాయన ఉన్నారు, కర్ర పట్టుకుని రోజూ మసీదుకు ఒంటరిగా పోతారు. ఫుట్‌పాత్ 1.8 మీటర్లకు తగ్గకూడదని ప్రమాణం రాసినవాళ్లు ఆయనతో పది అడుగులు వేస్తే, ఆ అంకె ఎందుకు రాశారో నా లాంటి షాపువాళ్లకు ఇంకా బాగా చెప్పగలుగుతారు. షాపులవాళ్ల సంఘంతో మాట్లాడే పని నేను తీసుకుంటాను. మోరీ దాటి ముందుకు వచ్చిన మెట్లు, బోర్డులు వెనక్కి పోవాలి. అందులో మొదటిది నాదే.

ఇంకొక్కటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. మేం చెప్పింది విన్నాక, ఏది తీసుకున్నారో, ఏది తీసుకోలేదో, ఎందుకు తీసుకోలేదో అదే గోడ మీద రాసి అంటించండి. కాదంటే బాధపడం. డబ్బు చాలదనో, లారీ తిరగదనో రాయండి, అర్థం చేసుకుంటాం. ఇంతకు ముందు ప్రజావాణిలో ఇచ్చిన మా అర్జీలకు రసీదు వచ్చింది కానీ కారణం రాలేదు. కారణం రాకపోతే జనం రెండోసారి రారు. రోడ్డు పూర్తయ్యాక ఆరు నెలలకు ఒకసారి మళ్లీ రండి. కొత్త రోడ్డు మీద కొత్త తప్పులు పుడతాయి, అవి మొదట కనబడేది మాకే.

నా రెండు నోటుపుస్తకాలు ఇస్తాను. పేర్లు కొట్టేశాను, తేదీ, సమయం, చోటు ఉన్నాయి. పోలీసులు ప్రమాదం జరిగిన చోటును యాప్‌లో ఎక్కిస్తున్నారు కదా, ఆ వివరాల పక్కన ఇవి పెట్టి చూడండి. యాప్‌లో చుక్క లేని చోట్ల కొన్ని నా పుస్తకంలో పేజీ పేజీకీ కనబడతాయి. చెరువు కట్ట మలుపు, బంకు ముందర యూటర్న్, గురుకులం గేటు, పగిలిన డివైడర్ సందు.

మా అంగడి బుధవారం. పొద్దున ఎనిమిదింటికల్లా వస్తే బడి పిల్లలు కనబడతారు, పదకొండు దాటితే పల్లెల నుంచి వచ్చేవాళ్లు. ఏ బుధవారమో ఒక్కరోజు ముందు చెప్పండి, నాలుగు సంచుల సున్నం నేను తెప్పించి పెడతాను.

ఇట్లు,
చౌరస్తా మెడికల్ షాపు నడిపే మీ పట్టణవాసి